అంచు పక్క మనిషి

నాకు రాయడం రాదు. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను, అంతే. ఇది నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. నా మాటల్ని పుస్తకం భాషలోకి సర్దుకుంటానంటే సరేనన్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం ముట్టుకోవద్దన్నాను. వాటిని సర్దితే వాళ్లు వేరేవాళ్లయిపోతారు.

ధర్మవరంలో ఇరవై ఏళ్లు అచ్చులు అతికి బతికాను. ఇప్పుడిప్పుడే ఈ పనిలోకి వస్తున్న ఆడపిల్లలకు నేను చెప్పగలిగింది ఒక్కటే ఉంది. అది నా తెలివి గురించి కాదు, నేను చేసిన ఒక తప్పు గురించి. ఆ తప్పు ఒక తండ్రిని మింగింది. ఇరవై ఐదేళ్ల తర్వాత మళ్లీ లేచి, ఆయన కొడుకును సగం దాకా మింగింది. దయ్యాలను నమ్మనివాళ్లు కూడా చదవండి. నమ్మకపోయినా పని నేర్చుకున్నట్టవుతుంది.

పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. పట్టుచీర నేయాలంటే మగ్గం మీద పొడవుగా పోగులు పరచాలి. దాన్ని పడుగు అంటారు. ఒక పడుగుకు మూడు నాలుగు చీరలు వస్తాయి. ఆ పోగులన్నీ దువ్వెనలాంటి అచ్చులోంచి, ఒక్కో పంటి సందులోంచి వస్తాయి. పడుగు అయిపోయాక అచ్చులో పాత పోగుల కొసలు జానెడు వదిలేస్తారు. మేం వెళ్లి వేళ్లకు బూడిద అద్దుకుని, కొత్త పడుగు పోగును పాత పోగు కొసకు పెట్టి మెలి తిప్పుతాం. వేల పోగులు, ఒక్కొక్కటిగా. రెండు రోజులు పడుతుంది. తర్వాత మెల్లగా లాగితే పాతది కొత్తదాన్ని వెంట తీసుకుని అచ్చు దాటి వచ్చేస్తుంది. ఇట్లా అతుక్కుంటూ పోతే ఆ మగ్గం మీద పడుగు ఎప్పటికీ తెగినట్టు కాదు. తాత నేసిన పోగు కొసకే మనవడి పోగు తగులుకుని ఉంటుంది.

ఇంకో పని ఉంది. అచ్చు మొత్తం ఖాళీ చేసి, ఉత్త అచ్చులోకి కొత్తగా ఒక్కో పోగు ఎక్కించడం. అది అందరికీ రాదు. వరుస తప్పితే చీర మొత్తం తప్పుతుంది. నాలుగైదు రోజుల పని. దాని అవసరం కూడా తక్కువే. అచ్చు పాడైతే చేస్తారు. లేకపోతే, మగ్గంలో కూచునే మనిషి పడుగు నడుస్తుండగా చనిపోతే చేస్తారు.

మా వీధుల్లో ఆ పద్ధతి ఉండేది. నడుస్తున్న చీర పూర్తి చేసి కోస్తారు. తర్వాత అచ్చులో ఒక్క పోగు కూడా లేకుండా లాగేస్తారు. ఇంటివాళ్లెవరైనా, నేసేవాళ్లు కాళ్లు దించి కూచునే మగ్గం గుంత దగ్గర నిలబడి, ఆ మనిషి కూచునే చోటు చూసి, "పని అయిపాయ, లేయ్" అంటారు. అంతే. పూజ లేదు, కొబ్బరికాయ లేదు. తర్వాతే కొత్త పడుగు.

నేను ఈ పనిలోకి వచ్చేసరికి నాకు ముప్పై ఏళ్లు కూడా లేవు. మా ఆయన చనిపోయి ఏడాదయింది. వెంట తొమ్మిదేళ్ల కూతురు. మా వీధిలో ఒక పెద్దామె ఉండేది. నోట్లో వక్కాకు, నాలుక మీద కత్తి. ఆమే నాకు అతకడం నేర్పింది. నేర్పినన్నాళ్లూ నన్ను తిట్టింది.

"వేళ్లా అవి, వంకాయలా? మెల్లగా తిప్పే. నీ మొగుని చెవి అనుకొంటివా, అట్ల మెలేస్తాండావు?"

"మొగుడు లేడు కదా పెద్దమ్మా."

"ఉంటే వాని చెవి మిగిలేదా?"

ఇట్లా ఉండేది మా పాఠం. నెల రోజుల్లో అతకడం వచ్చింది. ఉత్త అచ్చుకు ఎక్కించడం మాత్రం రాలేదు. నేర్పమంటే, "నడిచేది రాదు, ఎగుర్తానంటావు" అంది. నాకు కోపం వచ్చి మళ్లీ అడగలేదు. వచ్చినట్టే తిరిగాను.

ఆ రోజుల్లోనే నాలుగిళ్ల అవతల ఒక నేతగాడి భార్య కామెర్లతో పోయింది. ఆయన నేసేది ఒళ్లు ఒక రంగు, అంచు ఒక రంగు ఉండే పెద్దంచు చీరలు. వాటికి ఇద్దరు కావాలి. ఆయన అడ్డపోగు మోసే నాడె విసిరితే అది ఒళ్లంతా దాటి అంచు దగ్గరికి వస్తుంది. అక్కడ అంచు పక్క కూచున్న మనిషి తన రంగు నాడెతో దాన్ని కలుపుకుని, అంచు వేసి, ఆయన నాడెను తిరిగి పంపాలి. పెళ్లయిన నాటి నుంచి ఆ చోట కూచున్నది భార్యే. గట్టి నోటి మనిషి. ఆమె తిట్లు, మగ్గం చప్పుడు కలిసి వీధి చివరిదాకా వినిపించేవి. ఆమె పోయాక మిగిలిన మూడు మూరలూ ఆయనే, అటుపక్కకూ ఇటుపక్కకూ జరుగుతూ ఒక్కడే నేసి కోశాడు. తర్వాత నాకు కబురు పెట్టాడు. పెద్దామె ఆ వారం కదిరి దగ్గర గాండ్లపెంటలో చెల్లెలింటికి పోయి ఉంది.

నేను పోయేసరికి ఆయన బయట అరుగు మీద కూచుని ఉన్నాడు. పదేళ్ల కొడుకు పక్కనే ఉన్నాడు.

"అచ్చు ఖాళీ చేసి కొత్తగా ఎక్కించల్లమ్మా. నీకు వస్తాది గదా?" అన్నాడు.

రాదని చెప్పి ఉంటే అయిపోయేది. ఆ ఒక్క మాటకు నాకు నోరు రాలేదు. రాదంటే ఇంకెవరూ పిలవరనుకున్నాను. ఒంటరి ఆడదాన్ని, అప్పుడప్పుడే నాలుగిళ్లు పిలుస్తున్నాయి.

"వస్తాదిలే అన్నా. నువ్వు లోపలికి రావద్దు. నీ మనసు బాగ లేదు" అన్నాను.

నాలుగు రోజులు ఆ ఇంట్లో కూచున్నాను. రెండు రోజులు అతికాను. రెండు రోజులు ఊరికే కూచున్నాను, ఎక్కించే పనికి ఎన్నాళ్లు పడుతుందో అన్నాళ్లూ కనపడాలి కదా. పాత కొసలకే కొత్త పోగులు మెలిపెట్టి లాగేశాను. ముడులన్నీ బట్ట చుట్టే కర్రకు లోపలి వైపు చుట్టి దాచేశాను. బయటికి వచ్చాక ఆయన అడిగాడు.

"అంతా తీసేస్తివా?"

"తీసేస్తిని."

"నేను చెప్పల్ల గదా ఆమెతో."

"నేను చెప్పేస్తిలే అన్నా. నువ్వెందుకు మళ్లీ బాధపడేది."

చెప్పలేదు. ఏం చెబుతాను? అబద్ధం చేసిన చోట నిలబడి "పని అయిపాయ" అని ఏ నోటితో అంటాను?

రెండు నెలలు గడిచాయి. అంచు పక్క కూచోవడానికి ఆయన కొడుకును బడి మాన్పించాడు. వాడు చురుకైనవాడే. ఒకరోజు మిట్ట మధ్యాహ్నం నేను వేరే ఇంటి నుంచి వస్తుంటే, వాడు వీధిలో బొంగరం తిప్పుతున్నాడు. లోపల మగ్గం నడుస్తోంది.

"ఏమబ్బీ, పని మాని ఆటకొస్తివా? మీ నాయన తన్నడా?"

"నాయనే పొమ్మన్యాడత్తా. నాతో పని ల్యా."

"పెద్దంచు చీర గదా, ఒక్కడే ఎట్ల నేస్తాడు?"

వాడు బొంగరం చేతిలోకి తీసుకుని, నా ముఖం చూడకుండా చెప్పాడు.

"నేను పట్టుకోకముందే నాడె వెనక్కి పోతాండాది. నాయన జూసినాడు. చూసి, రేపట్నుంచి బడికి పో అన్యాడు."

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఆ పిల్లవాణ్ణి మళ్లీ బడికి పంపింది ఆ చనిపోయిన తల్లే. బతికున్న నాయన ఆ పని చేయలేదు.

నేను కిటికీ దగ్గరికి పోయాను. వినడం వేరు, చూడడం వేరు. ఆయన నాడె విసురుతున్నాడు. అది అంచు దగ్గరికి పోతోంది. ఒక ఊపిరి తీసేంతసేపు ఆగుతోంది. తర్వాత తిరిగి వస్తోంది. అంచు పక్క ఎవరూ లేరు. అంచు మాత్రం పడుతోంది. నేను ఇన్ని మగ్గాలు చూశాను, అంత శుభ్రమైన అంచు ఎక్కడా చూడలేదు. ఆయన ముఖంలో భయం లేదు. పెళ్లికొడుకు ముఖంలా ఉంది. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

పరుగెత్తి పోయి పెద్దామెతో జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆమె తిట్టని రోజు అదొక్కటే. వక్కాకు ఊసి వచ్చి, ఉత్త అచ్చు ఒకటి నా ముందు పెట్టి, "కూచో. నువ్వు కట్టింది నువ్వే విప్పల్ల" అంది. నెల రోజులు రేయింబవళ్లు నేర్పింది. నేర్చుకున్నాక ఇద్దరం ఆయనింటికి పోయాం. నేను చేసింది ఒప్పుకున్నాను. ఆయన తలుపుకు అడ్డంగా నిలబడి విన్నాడు.

"అట్లనా" అన్నాడు. "మంచి పని చేస్తివి."

"అన్నా, తీసేస్తాం. ఇట్ల ఉండకూడదు."

"ఆమె ఉండాది. నాకు బాగుండాది. నీకేమమ్మా నొప్పి?"

తలుపు వేసుకున్నాడు. పెద్దామె ఇంకోసారి తట్టమంది. నేను తట్టలేదు. "ఆయనే వద్దంటాండాడు గదా" అన్నాను. పని తప్పించుకునేవాళ్లకు అంతకంటే తియ్యటి మాట ఉండదు.

ఆయన మెల్లగా మనుషులతో మాట్లాడడం మానేశాడు. తర్వాత తిండి మానేశాడు. మగ్గం మాత్రం మానలేదు. ఏడాదిన్నర తిరక్కుండా ఒక మధ్యాహ్నం కొడుకు బడి నుంచి అన్నానికి వచ్చి కేక పెట్టాడు. మేమంతా పోయాం. ఆయన గుంతలోనే, తొక్కుడు చెక్కల మీద కాళ్లు పెట్టుకుని, నేసిన బట్ట మీదికి తల వాల్చి ఉన్నాడు. చెయ్యి చల్లగా ఉంది. పొద్దున్నే పోయి ఉంటాడని అన్నారు. అంచు వైపు నుంచి తిరిగి వచ్చిన నాడె ఆయన ఒళ్లో పడి ఉంది. దాన్ని మళ్లీ విసిరే మనిషి లేక అక్కడే ఆగింది.

పిల్లవాని మేనమామ హిందూపురం నుంచి వచ్చాడు. కర్మలు అయ్యాక చీర కోశాడు. అచ్చును పోగుల కొసలతో సహా పాత పంచెలో చుట్టాడు. మగ్గం కట్టెలు, ఆ మూట, పిల్లవాణ్ణి లారీలో ఎక్కించుకున్నాడు. పెద్దామె అప్పటికి మంచం పట్టింది. లారీకి అడ్డం పోయి, "ఆ మూట విప్పండి, అందులో ఒక మనిషి ఉంది" అని చెప్పాల్సింది నేను. వీధిలో నిలబడి చూశాను. పిల్లవాడు లారీ మీద నుంచి చెయ్యి ఊపాడు. నేను కూడా ఊపాను.

తర్వాత ఎన్ని వందల అచ్చులు అతికానో లెక్కలేదు. మనిషి పోయిన మగ్గం అంటే మాత్రం ఖాళీ చేయందే ముట్టలేదు. ఇంటివాళ్లు వద్దన్నా వినలేదు. "ఈమెకు చాదస్తం" అన్నారు. అననీ. కళ్లు మసకేశాక పని మానేసి, పెనుకొండలో కూతురింటికి చేరాను. బస్టాండు వెనక ఇల్లు. పని లేని చేతులు ఊరికే ఉండవు, పక్కింటివాళ్ల పిల్లల జడలు అల్లేదాన్ని. ఇక నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను.

పోయిన ఏడాది ఎండాకాలం, గుమ్మం ముందు ఒక పడుచు పిల్ల నిలబడింది. చెమటతో తడిసి ఉంది.

"ధర్మవరంలో అచ్చులు అతికే అవ్వ మీరేనా?"

"అతికేదాన్ని. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించేకి కూడా కాదు. కూచో. యా ఊరు నీది?"

"పుట్టింది నల్లమాడ పక్క. ఉండేది హిందూపురం. మా ఆయన్ని మీరు చిన్నప్పుడు చూసినారంట, ధర్మవరంలో మీ వీధోళ్లు చెప్పినారు."

ఎవరో చెప్పకముందే నాకు తెలిసిపోయింది. ఆ పిల్ల నీళ్లు తాగి అంతా చెప్పింది. మొగుడు ఒక మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడింది. ఏ పనీ దొరక్క, మేనమామ అటక మీద ఉన్న తండ్రి మగ్గం దించాడు. గదిలో గుంత తవ్వాడు. పంచెలో చుట్టిన అచ్చు విప్పి, అక్కడి వాళ్లను పిలిచి కొత్త పడుగు అతికించాడు.

"మొదట్లో నన్నే అంచు పక్క కూచోమన్యాడవ్వా. మాది శెనక్కాయలు పండించే ఇల్లు, నాకు మగ్గం యాడొస్తాది? నేను ఏస్తే వంకర పోతాండె. తిడ్తాండె. నేను కూడా తిడ్తాంటి. వారానికి ఉన్నట్టుండి నీతో పని ల్యా అన్యాడు. మంచిదేలే అనుకొంటి. ఇప్పుడు మధ్యానమైతే బయటికి రాడు. పెట్టిన సంగటి అట్లే ఉంటాది. ప్యాంటు తాడేసి కట్టుకుంటాండాడు, అంత చిక్కిపాయ. నిన్న కిటికీ లోంచి జూస్తి."

"అంచు నాడె తిరుగుతాండె, అంతేనా?"

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"ఒగటి కాదవ్వా. రెండూ. ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఊరికే కూచోనుండాడు. చీర నడుస్తాండాది."

తండ్రి కాలంలో ఒకరు. కొడుకు కాలానికి ఇద్దరు. ఇక మూడో మనిషి కోసమే ఆ మగ్గం చూస్తోందని నాకు అర్థమైంది. ఆ పిల్లకు కూడా అర్థమయ్యే వచ్చింది. నా కళ్లలోకి చూస్తూ, "ఆయన నాకు గావల్లవ్వా" అంది. ఇంకేం అనలేదు.

మర్నాడు పొద్దున ప్యాసింజరు ఎక్కి హిందూపురం పోయాం. నా కూతురు, "కండ్లు కనపడవు, యాడికి పోతాండావు?" అని స్టేషను దాకా తిడుతూనే వచ్చింది. నేనూ తిట్టాను. కాకపోతే ఈసారి తప్పించుకోవడానికి నేను సాకు వెతకలేదు. కళ్లు మసకేశాయన్నది మంచి సాకే. అది నేనే వాడుకోలేదు.

రేకుల ఇల్లు. పన్నెండు దాటింది. రేకు వేడెక్కి చిటపటమంటోంది. దాని కింద మగ్గం చప్పుడు. ఇరవై ఏళ్లు విన్న చెవులు నావి, ఒక్కో మనిషి చప్పుడు ఒక్కో రకంగా ఉంటుంది. గుమ్మంలోనే పట్టేశాను. అది ఆ తండ్రి చప్పుడు. రెండుసార్లు గట్టిగా, ఒకసారి మెల్లగా, అడ్డపోగును బిగించే పలక లాగడం ఆయన అలవాటు.

లోపలికి పోయాను. ముప్పై ఐదేళ్ల మనిషి, ఎండిన చిక్కుడు తీగలా ఉన్నాడు. చేతులు ఒళ్లో ఉన్నాయి. నన్ను చూసి నవ్వాడు.

"అత్తా! ఇంగా ఉండావా?"

"ఉండాను. నువ్వే ఉండేట్టు లేవు. లేచి రా అప్పా, సంగటి తిందువు."

"తింటాలే. అమ్మా నాయనా పన్లో ఉండారు."

మామూలుగా చెప్పాడు. పక్కన నాడె పోతోంది, ఆగుతోంది, వస్తోంది. నాకు భయం అంతగా లేదు. భయపడాల్సినంతా పాతికేళ్లుగా పడి ఉన్నాను. గుంత ఒడ్డున కూలబడి, నేను చేసిందంతా చెప్పాను. రాదని చెప్పడానికి సిగ్గుపడింది, రెండు రోజులు ఊరికే కూచుంది, "చెప్పేస్తిలే" అని అబద్ధమాడింది, లారీ పోతుంటే చెయ్యి ఊపింది. ఒక్కటి కూడా దాచలేదు.

వాడు ముఖం తిప్పుకున్నాడు.

"నువ్వు చేసింది మంచిదే. లేకుంటే నాకెవరుండారు? పదేండ్లకు అమ్మ, పన్నెండేండ్లకు నాయన. ఇప్పుడొచ్చి తీసేస్తానంటావా? పో అత్తా, పోయి నీ ఇంట్లో కూచో."

తండ్రి మాటే. అదే గొంతు. నా వెనక ఆ పిల్ల తలుపు పట్టుకుని నిలబడి ఉంది. నేను ఇంకోసారి తట్టని తలుపు నాకు గుర్తుంది. లేవలేదు.

"నేను అడిగేది ఒకటి చెప్పు. మీ అమ్మకు నడుము నొప్పి ఉండేది, గుర్తుండాదా?"

వాడు ఒళ్లోని చేతులకేసి చూసుకున్నాడు.

"పొద్దు మాపూ ఆ గుంతలో వంగి వంగి. గంటకోసారి లేచి బండ మీద బోర్లా పడుకునేది. నేను ఎన్నిసార్లు చూడలేదు! మీ నాయన్ను తిట్టేది, నీ చీర పాడుగాను, నా నడుం ఇరిగిపాయ అని."

"నేనే తొక్కేవాణ్ణి" అన్నాడు. "బోర్లా పండుకొని, ఎక్కి తొక్కురా అనేది. ఆ పక్క, ఇంగా పైకి, అని చెప్తాంటే గోడ పట్టుకుని తొక్కుతాంటి."

"ఆమె ఇష్టపడి కూచోలేదప్పా. లేయమని ఎవరూ చెప్పలేదు, అందుకు కూచోనుండాది. ఇరవై ఐదేండ్లాయ. ఒక్కసారి కూడా నడుం వాల్చలేదు."

వాడు అప్పుడు మొదటిసారి అంచు పక్కకు తిరిగి చూశాడు. అంతవరకూ చూడలేదనుకుంటాను. చూస్తే ఎవరూ ఉండరని భయం. చాలాసేపు చూశాడు. నాడెలు నడుస్తూనే ఉన్నాయి.

మొదట తండ్రితో అన్నాడు. పక్కన కూచున్న మనిషితో అన్నట్టు, "నాయనా, పని అయిపాయ. లేయ్" అన్నాడు. పలక చప్పుడు ఆగింది. పెద్ద నాడె దారిలోనే, పోగుల మధ్య ఆగిపోయింది.

అంచు నాడె మాత్రం ఆగలేదు. జానెడు వెడల్పు అంచులో అటూ ఇటూ కొట్టుకుంటోంది. అమ్మతో కూడా వాడే అనాలి. నేను చెప్పలేదు. అది నా మాట కాదు. వాని భార్య వచ్చి వాని వెనక కూచుని, వీపు మీద చెయ్యి పెట్టింది.

"అమ్మా" అన్నాడు. "లేయ్ మా. ఇంగ చాలు. పోయి పండుకో."

ఆగింది.

ఇది నేను కన్నది, విన్నది. గాలి వీచలేదు, దీపం ఆరలేదు. ఇల్లు ఊరికే ఉంది. రేకు చిటపట వినిపించింది. వాడు గుంతలో కూచునే ఏడ్చాడు. ఆ పిల్ల ఏడవలేదు, బ్లేడు తెచ్చి నా చేతికిచ్చింది. మంచి పిల్ల.

ఆ పూటే చీర కోసి, అచ్చులోని పోగులన్నీ లాగేశాం. నేను అప్పుడు ఖాళీ చేయని పోగుల వెంటే, ఎవరెవరి ముడులతోనో అంతదాకా వచ్చిన పోగులవి. అన్నీ మూట కట్టి వాడు సైకిలు మీద పెన్నకు తీసుకుపోయాడు. పెన్నలో నీళ్లెక్కడున్నాయి? ఇసుక తవ్వి పూడ్చి వచ్చాడు.

కొత్త పడుగు ఎక్కించడానికి ఐదు రోజులు పట్టింది. నాకు కళ్లు లేవు, ఆ పిల్లకు పని రాదు. ఆమె కళ్లు, నా నోరు. నేను ఒక పక్కన పోగు తడిమి అందిస్తుంటే ఆమె అవతల నుంచి కొక్కెంతో లాగేది. వరుస తప్పితే మొత్తం విప్పించాను. పెద్దామె నన్ను తిట్టిన తిట్లన్నీ ఆ పిల్లకు అప్పజెప్పాను. మూడో రోజు ఆ పిల్ల, "అవ్వా, మీకు ఈ పని నేర్పిన ఆమె ఇంగా బతికుంటే నేనే పోయి కొట్టొస్తాను" అంది. నాకు నచ్చింది.

ఆరో రోజు మధ్యాహ్నం పడుగు సిద్ధమైంది. వాడు గుంతలో దిగాడు. కాలు తొక్కి, నాడె విసిరాడు. అది ఒళ్లంతా దాటి అంచు దగ్గరికి పోయి ఆగింది.

తిరిగి రాలేదు.

ముగ్గురం దాన్నే చూస్తున్నాం. వాడు చెయ్యి చాపుకుని ఉన్నాడు, వస్తే పట్టుకోవడానికి. చెయ్యి అట్లే ఉంది. చాలాసేపు. వాని ముఖం చూడలేక నేను తల దించుకున్నాను. అప్పుడు ఆ పిల్ల చీర చెంగు దోపుకుని గుంతలోకి దిగింది. అంచు పక్క కూచుంది. నాడె అందుకుని, అంచు వేసి, వెనక్కి విసిరింది. అది సగం దూరం పోయి పోగుల్లో చిక్కుకుంది.

"ఏందే అది? అంచా, ఎనుం తోకనా?"

"ఎనుముల సంగతి నీకేం తెల్సు? మా ఇంట్లో నాలుగుండె. నువ్వు సక్కగా ఇసురు ముందు."

"నేను సక్కగానే ఇసిర్తి. నీ చెయ్యే ఇనుప గుండు మాదిరుండాది."

"అయితే నువ్వే రెండు పక్కలా కూచో."

నాలుగు మూరలు కాదు కదా, నాలుగు వేళ్లు నేయడానికి గంట పట్టింది. ఉన్న తిట్లన్నీ అయిపోయాయి. అప్పుడు వాడు తొక్కుడు చెక్కల మీద నుంచి కాళ్లు తీసి, గుంత ఒడ్డు పట్టుకుని పైకి లేచాడు.

"పొద్దు వాలిపాయ. సంగటి పెట్టవా? కడుపు కాల్తాండాది."

ఆ పిల్ల ఒక్క ఎగురులో గుంత దాటింది. వాళ్లిద్దరూ వంటింటి గుమ్మంలో కూచున్నారు. నన్నూ పిలిచారు. తర్వాత తింటానని చెప్పి నేను మగ్గం దగ్గరే ఉండిపోయాను. నాడె అంచు పక్కన, ఆ పిల్ల వదిలిన చోటే ఉంది. నా కళ్లు మసకవే అయినా అంత దగ్గర్నుంచి కనపడుతుంది. వాడు రెండో ముద్ద అడిగేదాకా నేను దాని మీంచి కన్ను తీయలేదు.